రోగి కూడా చికిత్సలో ఒక పాదమే

చికిత్సకు నాలుగు పాదాలని చరక సంహిత చెప్పింది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. మొదటి మూడింటి కోసం మనం ఎంతటి వ్యయానికైనా వెనుకాడము. నాలుగవ పాదమైన రోగిని మాత్రం మంచానికి అప్పగించి, అదే సేవ అనుకుంటాము. ఈ పొరపాటు మా ఇంట కూడా జరిగింది.

ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా పెదనాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. ప్రాణాపాయం గడిచాక ఇంటికి తెచ్చుకున్నాము. ఆదోని నుండి నేను వారం వారం తైలం తీసుకొని వెళ్లేవాడిని. మర్దన చేశాము, అన్నం కలిపి నోటికి అందించాము, లేవబోతే వారించాము. లేపవలసి వచ్చినప్పుడు చచ్చుబడిన చేతినే పట్టి లాగేవారము. దానితో భుజం నొప్పి పట్టుకున్నది. క్రమంగా ఆయన మాటలు కూడా తగ్గించుకున్నారు.

మార్పు తెచ్చినది వీధి. పొరుగింటి నేతగాడు ఒకనాడు రాట్నం తెచ్చి, "మామా, కండెలు అందడం లేదు, నాలుగు చుట్టియ్యి" అన్నాడు. మనుమరాలు చక్రం తిప్పింది. ఆయన ఎడమ చేత దారం పట్టారు. ఆ కూలి ఆయన పేరనే లెక్క కట్టారు. గుంట మగ్గంలోకి ఆయన మళ్లీ దిగలేదు. కానీ సాయంత్రం కర్ర ఊతతో వీధి అరుగు వరకు నడవసాగారు.

దీనినే సమాజ ఆధారిత పునరావాసం అంటారు. 1978 నాటి ఆల్మా ఆటా ప్రకటన తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ముందుకు తెచ్చింది. 2010లో వెలువడిన మార్గదర్శకాలు ఆరోగ్యంతో పాటు విద్య, జీవనోపాధి, సామాజిక జీవనం, సాధికారతలను చేర్చాయి. మన దేశంలో 2016 నాటి చట్టం పునరావాస సేవలను ప్రభుత్వాల, స్థానిక సంస్థల బాధ్యత చేసింది. అయితే చట్టం రాట్నం తెచ్చి ముందు పెట్టదు. ఆ పని పొరుగువారిదే. ఎమ్మిగనూరుకు ఇది కొత్త పాఠం కాదు. నేతగాళ్లు ఒంటరిగా నిలువలేరని 1938లోనే మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు.

ఇంట పక్షవాత రోగి ఉన్నవారికి నా మనవి: వైద్యుడు చెప్పిన రక్తపోటు మందు మానవద్దు, తైలం దానికి బదులు కాదు. బలహీనమైన చేయి పట్టి లాగవద్దు. స్పర్శ తగ్గిన చోట కాపడం పెట్టేముందు వేడిని మీ చేతితో చూడండి. మింగడానికి ఇబ్బంది లేకుంటే, ఆలస్యమైనా ఆయన అన్నం ఆయననే తిననివ్వండి.

ఆదోని పత్తి వ్యాపారులకు, దుకాణదారులకు మరొక మాట. కూర్చుని చేయదగిన పని ఒక్కటైనా ఇటువంటి వారికి కేటాయించండి. అది దానం కాదు, చికిత్సలో భాగం.