పీడీ సారు ఫోనే దిక్కు

సంక్రాంతి దాటిందంటే ఇంటర్ సెకండియర్ ఆటగాడికి గ్రౌండ్ మూసేసినట్టే. ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలు, ఎప్‌సెట్, ఆ వెంటనే డిగ్రీ ప్రవేశాల దోస్త్. వానాకాలం మొదలయ్యేసరికి ఏదో ఒక డిగ్రీ కాలేజీలో సీటొస్తుంది. అక్కడ బాస్కెట్‌బాల్ కోర్టు ఉందా, పీడీ ఉన్నాడా, ఉండటానికి హాస్టల్ ఉందా అన్నది చేరాక గానీ తెలియదు. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఆట మానేసే పిల్లల్లో ఎక్కువమంది ఈ ఆరు నెలల్లోనే మానేస్తారని నా నమ్మకం. అప్పటిదాకా అండర్-19 స్కూల్ గేమ్స్ జట్టులో ఉన్నవాడిని ఆ తర్వాత అడిగే నాథుడుండడు.

నిజానికి ఒకరు అడుగుతారు. జూనియర్ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ (పీడీ), ఆ పోస్టు ఖాళీగా ఉన్నచోట హైస్కూల్లో నేర్పిన పాత పీఈటీ సారు. హైదరాబాద్‌లో ఏదో కాలేజీలో పనిచేసే తన బీపీఈడీ బ్యాచ్‌మేట్‌కు ఫోన్ చేస్తాడు. "అన్నా, నా దగ్గర ఒక పోరడున్నడు. ఆరడుగులు దాటిండు, మంచిగ దుంకుతడు. మీ కాలేజ్‌ల జర జూస్కోరాదే!" అవతలాయన సరేనంటే ఆ పిల్లవాడికి నిజాం కాలేజీలోనో లయోలా అకాడమీలోనో దారి దొరుకుతుంది. అవతలాయన రిటైరైతే దొరకదు. ఆ పీఈటీలకు రెండు చేతులా దండం పెట్టాలి. అయినా రెండు ఉమ్మడి జిల్లాల ఆటగాళ్ల బతుకు ఇద్దరు బ్యాచ్‌మేట్ల స్నేహం మీద ఆధారపడటం ఏం పద్ధతి?

అమెరికాలో ఇదే మలుపు చుట్టూ ఒక వ్యవస్థ అల్లుకుని ఉంది. అక్కడి జూనియర్ కాలేజీ మన ఇంటర్ కాదు, పన్నెండో తరగతి తర్వాతి రెండేళ్ల చదువు. మార్కులు చాలనివాళ్లు, పెద్ద యూనివర్సిటీ కోచ్‌ల కంటపడనివాళ్లు అక్కడ చేరి ఆడతారు. ఈ కాలేజీలకు 1938 నుంచి సొంత జాతీయ సంఘం ఉంది. కాన్సాస్ రాష్ట్రంలోని హచిన్సన్ అనే చిన్న ఊళ్లో 1949 నుంచి వాళ్ల బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నీ జరుగుతోంది. నాలుగేళ్ల యూనివర్సిటీల కోచ్‌లు అలాంటి చోట్లకే వెతుక్కుంటూ వస్తారు. జిమ్మీ బట్లర్ టెక్సాస్‌లోని టైలర్ జూనియర్ కాలేజీలో ఒక్క ఏడాది ఆడి, 2008లో మార్క్వెట్ యూనివర్సిటీకి మారాడు. చేరతానని సంతకం పెట్టిన కాగితాన్ని మెక్‌డొనాల్డ్స్ హోటల్లోని ఫ్యాక్స్ నుంచి పంపాడట. 2011లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో 30వ ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఎన్‌బీఏలో పేరు మోసిన డెన్నిస్ రాడ్‌మన్ వచ్చిందీ జూనియర్ కాలేజీ దారినే.

అక్కడంతా సవ్యంగా ఉందని కాదు. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక కోచ్‌లకు ఇతర యూనివర్సిటీల్లో రాటుదేలిన ఆటగాళ్లే కంప్యూటర్ మీద దొరుకుతున్నారు, జూనియర్ కాలేజీ కుర్రాడి వంతు వెనక్కిపోతోంది. ఆ బేరసారాలు మనకొద్దు. కోచ్ లేచివచ్చి పిల్లవాడి ఆట కళ్లారా చూడటం, ఇచ్చేదేమిటో కాగితం మీద రాసివ్వడం, ఈ రెండూ మనకు కావాలి.

మన దగ్గర ఆ పని చేయగల సంస్థలు ఇప్పుడు రెండున్నాయి. ఒకప్పుడు ఈ జిల్లాల డిగ్రీ కాలేజీలన్నీ ఉస్మానియా కిందే. నల్లగొండ ఎన్జీ కాలేజీ కుర్రాడికైనా, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కాలేజీ కుర్రాడికైనా యూనివర్సిటీ జట్టులో చోటు కావాలంటే హైదరాబాద్ కాలేజీలన్నింటినీ దాటాలి. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, 2008లో పాలమూరు యూనివర్సిటీ వచ్చాయి. దాంతో సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు సొంత జట్లు పంపే అవకాశం వచ్చింది. బాస్కెట్‌బాల్‌లో జట్టుకు పన్నెండు మంది. ఆ పన్నెండు జెర్సీలూ ఇక మన పిల్లలవే.

ఆ జెర్సీ విలువ ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 శాతం. దానికి అడిగే ఫారాల్లో నాలుగోది జాతీయ స్కూల్ గేమ్స్ ఆడినవాళ్లది, మూడోది అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ఆడినవాళ్లది. ఇంటర్‌లో తెలంగాణ జట్టు దాకా వెళ్లలేకపోయినవాడికి యూనివర్సిటీ జట్టు రెండో అవకాశం. కొడుకు గ్రౌండ్‌కు పోతానంటే "ఆడితే ఏమొస్తది?" అని అడిగే తండ్రికి ఇంతకంటే సూటి జవాబు లేదు. ముంబైకీ పుణేకూ వలసపోయి మట్టి మోసిన పాలమూరు తండ్రి ఆ ప్రశ్న అడగడంలో తప్పు లేదు.

మరి ఆ పన్నెండు మందిని ఎలా ఎంచుకుంటున్నారు? దోస్త్ ఎవరిని పంపితే వాళ్లలోంచి. 2016లో మొదలైన ఈ ఆన్‌లైన్ పద్ధతిలో సీట్లు మార్కుల మీద, ఆప్షన్ల మీద వస్తాయి. స్పోర్ట్స్ కేటగిరీ ఉంది, సర్టిఫికెట్ల పరిశీలన కూడా ఉంది. అయితే అది చూసేది కాగితాన్నే. ఎన్జీ కాలేజీ జట్టుకు రీబౌండ్ అందుకునే పొడుగరి కావాలని, అలాంటివాడు దేవరకొండలో ఇంటర్ చదువుతున్నాడని ఏ సర్వర్‌కు తెలుస్తుంది? ఇంజినీరింగ్ వైపు స్పోర్ట్స్ కోటా అర శాతం, అంటే వెయ్యి సీట్లకు ఐదు. పైగా మన జిల్లాల్లోని ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు చాలావరకు జేఎన్‌టీయూ హైదరాబాద్ కిందివి. కోదాడలో బీటెక్ చేరిన కుర్రాడు ఆడాల్సింది ఆ జట్టు తరఫున. ఈ సంగతి చేరకముందు అతనికి చెప్పేవాళ్లేరీ?

దారి వేస్తే ఏమవుతుందో సాంఘిక సంక్షేమ గురుకులాలు చూపించాయి. 2016లో ఆ సంస్థ ఆడపిల్లల కోసం డిగ్రీ కాలేజీలు తెరిచింది. ఇంటర్ అయ్యాక ఆట, అన్నం, హాస్టల్ ఒకే గొడుగు కింద కొనసాగే వీలు కలిగింది. ఆ గురుకులంలో చదివి, అదే సంస్థ డిగ్రీ కాలేజీకి వెళ్లిన అగసర నందిని 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచింది. ఆమె ప్రతిభ ఆమెదే, కోచ్ కష్టం కోచ్‌దే. కానీ ఇంటర్‌కూ డిగ్రీకీ మధ్య ఆమె వీధిన పడలేదు. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. హాస్టల్ లేని కాలేజీకి బిడ్డను ఆట కోసం పంపే తల్లిదండ్రులు మన ఊళ్లలో అరుదు.

మన దగ్గర కబడ్డీ, వాలీబాల్, ఖోఖోలదే రాజ్యం, బాస్కెట్‌బాల్ వాటి తర్వాతే. సిమెంటు కోర్టు, బోర్డు, రింగు కావాలి కాబట్టి ఊళ్లలో పెద్దగా పాకలేదు. అయితే బాస్కెట్‌బాల్‌కు రైల్వే ఉద్యోగాలున్నాయి. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లు ఇస్తూనే ఉంటుంది. చెన్నై ఎస్ఆర్ఎం లాంటి విద్యాసంస్థలు మంచి ఆటగాళ్లకు ఫీజు లేకుండా సీటిస్తాయి. మూడబిద్రిలోని ఆళ్వాస్ అథ్లెట్లను చేరదీసి మంగళూరు యూనివర్సిటీని దేశంలో ముందు వరుసలో నిలబెట్టింది. మూడబిద్రి మహానగరమేం కాదు. ఇక రాష్ట్రంలో క్రీడా యూనివర్సిటీ కోసం 2024లో శాసనసభ బిల్లు ఆమోదించింది. రానివ్వండి, మంచిదే. ఈలోగా ఉన్న రెండు యూనివర్సిటీలూ కాలు కదపడానికి ఏ బిల్లూ అక్కర్లేదు.

ఇద్దరు వైస్‌చాన్సలర్లకూ ఒక విన్నపం. ఈ ఏడాది అండర్-19 ఉమ్మడి జిల్లా సెలక్షన్లు జరిగే రోజున మీ పీడీలను గ్రౌండ్‌కు పంపండి. దోస్త్ నోటిఫికేషన్ రాకముందే, నచ్చిన పిల్లల ఇళ్లకు ఫలానా కాలేజీ, ఫలానా హాస్టల్, ఫీజు ఇంత అని యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం పంపండి. గాయమైతే సీటు పోదన్న ఒక్క వాక్యం కూడా అందులో ఉండాలి. మహబూబ్‌నగర్ స్టేడియం నుంచి పాలమూరు యూనివర్సిటీకి ఆటోలో పోవచ్చు.