దాచేటిదేం లేదు, గని వేలు నాదే గదా!

మొన్న మా అవ్వకు సిమ్ తీసుకునేతందుకు మండలంల దుకాణానికి పోయినం. దుకాణపాయన తల గూడ ఎత్తకుండ "ఆధార్ నెంబర్ చెప్పు, వేలు పెట్టు" అన్నడు. "వేరే కార్డు నడువదా అన్నా?" అని అడిగిన. "ఏం, దాచేటిదేమన్న ఉన్నదా?" అని నవ్విండు. పక్కకున్నోళ్లు గూడ నవ్విండ్రు. అవ్వ ఏమనకుండ వేలు పెట్టింది.

నాకైతే నవ్వు రాలె. 2018ల పెద్దపల్లి జిల్లాల సిమ్‌లమ్మే ఒకడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌ల నుంచి భూమి కాగితాలు డౌన్‌లోడ్ చేసిండు. వాటి మీది వేలిముద్రలు రబ్బరు మీదికెక్కిచ్చి, వాళ్లకే తెల్వకుండ వాళ్ల పేర్ల మీద వేల సిమ్‌లు చాలు చేసిండు. ఆ మనుషులు దాచిందేం లేదు. భూమి అమ్మిండ్రు, కొన్నరు, అంతే. పాస్‌వర్డ్ పోతె మార్చుకుంటం. బొటనవేలు ముద్ర పోతె ఏం మార్చుకుంటం?

ప్రైవసీ అంటె పట్నం చదువుకున్నోళ్ల ముచ్చట అనుకుంటరు మనోళ్లు. గాదు. రిటైరైన జడ్జి పుట్టస్వామి ఎనభై ఏండ్లు దాటినంక, 2012ల, ఆధార్ మీద సుప్రీంకోర్టుకు పోయిండు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఒక్క మాట మీద నిలవడి, ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నరు. మరుసటేడు సిమ్‌కు ఆధార్ తప్పనిసరి చేసుడు చెల్లదని తీర్పొచ్చింది. 2019 చట్ట సవరణ గూడ మన ఇష్టముంటెనే ఇయ్యాలె అంటది. అంటె ఆ దుకాణంల నేను అడిగింది గొంతెమ్మ కోరిక గాదు, హక్కు.

2023ల డేటా రక్షణ చట్టం గూడ వచ్చింది. గని దేశ భద్రత, శాంతిభద్రతల పేరు మీద సర్కారు తన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకోవచ్చు. మన లెక్కలన్ని అడిగేటోళ్లు, వాళ్ల లెక్క అడుగుతె తప్పిచ్చుకునే తొవ్వ ముందే పెట్టుకున్నరు. గందుకే అడుగుడు మనమే నేర్వాలె.

ఇంటికొచ్చి అవ్వ వేలిముద్రలను ఆధార్ యాప్‌ల లాక్ చేసిన. ఆధార్‌కు ఫోన్ నెంబర్ కలిసి ఉంటె మీరు గూడ చేసుకోవచ్చు. రేషన్‌కు పోయేముందు తెరుసుకోవాలె, గంతే. "ఇంటికి తాళమేస్తె దొంగసొమ్మున్నట్టా బిడ్డా?" అన్నది అవ్వ.

రేపు ఎవలన్న వేలు పెట్టుమంటె "ఎందుకు?" అని ఒక్క మాట అడుగుండ్రి. నవ్వితె నవ్వనియ్యుండ్రి.