కూల్చేవాడికి ఇనాం, నిలబెట్టేవాడికి సజా

పాతబస్తీలో పాత మకాన్‌లు ఎందుకు పోతున్నాయని అడిగితే అందరి వేలూ మన వైపే లేస్తుంది. "వీళ్లకు కదర్ లేదండీ, దాదా పర్‌దాదాలు కట్టిన దేవిడీలు అమ్ముకుని ఫ్లాట్లు కట్టుకున్నారు" అంటారు. ఆదివారం పొద్దున మెడలో కెమెరా వేసుకుని చార్మినార్ చుట్టూ తిరిగేవాళ్లదీ ఇదే మాట. ఈ ఇల్జాం నేను ఒప్పుకోను. మన కదర్ సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు హుకూమత్ రాసిన ఖానూన్ చూద్దాం.

మన పాత ఇంటి గోడ గల్లీకి ఆనుకుని ఉంటుంది. ఖాళీ జాగా లోపల ఉంటుంది. సహన్, దాని చుట్టూ దాలాన్, కమరాలు. గాలి, వెలుతురు, పర్దా అన్నీ ఆ సహన్ వల్లే. 2012లో వచ్చిన జీవో 168, అదే ఇళ్ల నిర్మాణ నియమాలు, ఖాళీ జాగా ఇంటి బయట వదలమంటుంది. దాని పేరు సెట్‌బ్యాక్. చాలా చిన్న జాగాలకు కొంత రియాయత్ ఉంది, మిగతావాళ్లకు లేదు. కొత్త కాలనీ ప్లాట్లకు సరిపోయే నాప్ తెచ్చి నిజాం జమానా మొహల్లా మీద పెట్టారు. ఒక్కసారి ఆ ఇల్లు పడిపోయిందంటే అదే జాగాలో అదే నక్షాతో మళ్లీ కట్టడానికి ఇజాజత్ దొరకదు.

ఇంకో లెక్క చూడండి. రోడ్డు వెడల్పులో జాగా వదిలేసినవాడికి ఈ నియమాల్లోనే బదులు ఉంది. సెట్‌బ్యాక్‌లో సడలింపో, అదనపు అంతస్తో, లేకపోతే అమ్ముకోదగిన టీడీఆర్ హక్కో దొరుకుతుంది. ముందు గోడ కొట్టించి కొత్తగా కట్టుకునేవాడికి ఇనాం అన్నమాట. సున్నం వేయించి, దూలాలు మార్పించి, కమాన్‌లు కాపాడుకునే మామూలు ఇంటి మాలిక్‌కు ఏముంది? ట్యాక్స్ నోటీసు ఉంది.

షాలిబండ పక్క గల్లీలో మా ఖాలా ఇంటికి పదకొండు మంది వారిసులు. పైకప్పు కారుతుంటే మరమ్మతు చేయిద్దామని ఒక దఫ్తర్‌కు వెళ్లాం. పాత ఇంటి మరమ్మతుకు ఏ కాయితం పెట్టాలో అక్కడ ఎవరూ చెప్పలేకపోయారు. "కొత్త ప్లాన్ గీయించి తీసుకురండి, చూద్దాం" అన్నారు. ఈలోగా బిల్డర్ వచ్చాడు. పదకొండు హిస్సాలకు పదకొండు లెక్కలు చెప్పాడు. సహన్‌ను పదకొండు ముక్కలు చేయలేం, ఫ్లాట్లను చేయగలం. విరాసత్ పంచడం ఫర్జ్. ఆ ఫర్జ్ ఇల్లు నిలబెట్టి కూడా నెరవేర్చే రాస్తా ఏదీ ఖానూన్ చూపించలేదు. బిల్డర్ చూపించాడు.

మరి హెరిటేజ్ ఖానూన్ లేదా అంటారు. ఉంది. 1995లో హుడా నియమాల్లో 13వ రెగ్యులేషన్ వచ్చింది. ఆ కింద సుమారు 150 ఇమారత్‌లు లిస్టుకెక్కాయి, ఒక కమిటీ కూడా ఏర్పడింది. 2015 డిసెంబర్‌లో ఆ రెగ్యులేషన్‌నే తీసేశారు. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. అది వచ్చిన రెండేళ్లకే ఇర్రం మంజిల్ కూల్చి అసెంబ్లీ కడతామని హుకూమత్ ఫైసలా చేసింది. అవాం అదాలత్‌కు వెళ్తే 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ ఫైసలాను రద్దు చేసింది. నవాబు గారి మహల్‌కే హైకోర్టు దాకా వెళ్లాల్సి వస్తే, లిస్టులో పేరే లేని గల్లీ ఇంటి తరఫున ఎవరు వెళ్తారు?

చార్మినార్ దగ్గర ఉన్నవాళ్లది ఇంకో ముసీబత్. కేంద్రం 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం మనా, ఆ తర్వాత మరో 200 మీటర్లలో ఇజాజత్ కావాలి. మరమ్మతుకు కూడా దరఖాస్తు పెట్టుకోవాలి. మీనార్‌ను కాపాడటం జరూరీ, అందులో షక్ లేదు. కానీ ఆ మీనార్ నీడలో బతికే కుటుంబానికి "వద్దు" అనే మాట తప్ప ఇంకేం దొరికింది?

"ఆంబులెన్స్ రావాలి కదా భాయ్, రోడ్డు వెడల్పు కావొద్దా?" అని అడుగుతారు. రావాలి. 1908 మూసీ తుఫాన్ తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. అది కూడా కూల్చింది, రోడ్లు వెడల్పు చేసింది. కానీ కూల్చిన చోట ఏం లేవాలో కూడా తనే తై చేసింది. పత్తర్‌గట్టీ రాతి కమాన్‌లు అలా లేచినవే. ఈరోజు హెరిటేజ్ అని మనం ఫోటో తీసుకునే ఆ బజార్ ఒక ప్లానింగ్ దఫ్తర్ చేసిన పని. ఇప్పుడు మెట్రో పేరుతో దారుల్‌షిఫా నుంచి షాలిబండ దాకా ముందు గోడలు పోతున్నాయి. గజాల లెక్కన ముఆవజా ఇస్తున్నారు, బాగుంది. మిగిలిన సగం ఇల్లు ఏ రూపంలో నిలబడాలి? ఆ జవాబు మార్కెట్‌కు వదిలేశారు.

నా ముతాలిబా మూడే మాటలు. పాత ఇంటి మరమ్మతుకు ఒకే కిటికీ, ఒకే కాయితం ఉండాలి. సహన్‌ను ఖాళీ జాగాగా లెక్కించి సెట్‌బ్యాక్ మాఫీ చేయాలి. రోడ్డుకు జాగా ఇచ్చినవాడికి ఇచ్చే టీడీఆర్‌ను ఇల్లు నిలబెట్టినవాడికీ ఇవ్వాలి, అది మహల్ అయినా సరే, మూడు కమరాల మకాన్ అయినా సరే. ఆ టీడీఆర్ అమ్మితే వచ్చే పైసలతో ఇల్లు వద్దనుకునే వారిసుల హిస్సా చెల్లించవచ్చు. ఇల్లు కావాలనుకునేవాళ్లు అందులోనే ఉండవచ్చు.

భాయియో, బహెనో, మీ మొహల్లాకు ఓటు అడగడానికి వచ్చేవాళ్లను నాలాల గురించి, లైట్ల గురించి అడుగుతారు, అడగండి. ఈసారి ఇది కూడా కలపండి: "మా ఇల్లు కూలిస్తే ఏమిస్తారో చెప్పారు, నిలబెడితే ఏమిస్తారు?" దీనికి జవాబు వచ్చేదాకా మనకు కదర్ లేదని అనే హక్కు ఎవరికీ లేదు.