పత్తి మీది మార్కెట్ ఫీజులో పరిశోధనకు వాటా ఏదీ?

పరిశోధనలో దేశాలను పోల్చాల్సి వస్తే మనవాళ్లు ముందు జీడీపీ లెక్క తీస్తారు. దక్షిణ కొరియా 5 శాతం దాకా ఖర్చుపెడుతోంది, మనం 0.64 దగ్గరే ఆగామని వాపోతారు. లోటు నిజమే. కానీ జఫర్‌గఢ్ పత్తి చేల వైపు నుంచి చూస్తే అంతకన్నా ముందు అడగాల్సింది వేరే ఉంది: ఏం పరిశోధించాలో తేల్చేదెవరు? రేకులు విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డిపువ్వును విప్పితే లోపల గులాబీ రంగు పురుగు కనిపిస్తుంది. 2006లో వచ్చిన బీజీ-2 విత్తనం దాన్ని ఆపుతుందన్నారు. పదేళ్లు తిరక్కుండానే పురుగు ఆ విత్తనంలోని బీటీ విషాన్ని తట్టుకుంది. చేను చుట్టూ వేయమని ప్యాకెట్‌తో ఇచ్చిన 120 గ్రాముల నాన్‌-బీటీ గింజలను చాలామంది విత్తలేదు. తప్పు రైతు మీదికి నెట్టడం తేలికే గానీ, పురుగుకు కొన్ని సాళ్లు ఎందుకు వదలాలో ప్యాకెట్ మీది చిన్న అక్షరాలు చెబితే ఎవరికి ఎక్కుతుంది?

వేరే దారీ ఉంది. ఆస్ట్రేలియాలో పత్తి రైతులు 227 కిలోల బేలుకు 2.25 డాలర్ల చొప్పున పరిశోధనకు కడతారు. ప్రభుత్వం ఒక పరిమితి దాకా తన వాటా కలుపుతుంది. 1990లో ఏర్పడిన పత్తి పరిశోధన సంస్థ ఆ డబ్బు ఖర్చుపెడుతుంది. అక్కడ సాగయ్యే రకాలు దాదాపు అన్నీ ప్రభుత్వరంగ సీఎస్‌ఐఆర్‌ఓ తయారుచేసినవే. బీటీ వేసే రైతు పురుగుకు ఆశ్రయ పంట వేసి తీరాలి, అది చాలాచోట్ల మన కందే! మన దగ్గర విత్తన కంపెనీల లాభమంతా ఏటా కొనాల్సిన హైబ్రిడ్లలోనే ఉంది. గింజ దాచుకుని మళ్లీ విత్తుకోగల సూటి రకం మీద అవి డబ్బు ఎందుకు పెడతాయి? ఆ పని ప్రభుత్వ కేంద్రాలదే.

అక్కడి రైతులు వందల హెక్టార్ల ఆసాములు, మనవాళ్లు రెండు మూడెకరాల వర్షాధార రైతులు, పోలికేమిటని అడగొచ్చు. అందుకే దిగుబడుల జోలికి పోలేదు, డబ్బు నడిచే దారినే పోల్చాను. కొత్త సెస్సూ అక్కర్లేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో కొనేవాళ్ల నుంచి మార్కెట్ ఫీజు ఇప్పటికే వసూలవుతోంది. అందులో పదో వంతును వరంగల్ వ్యవసాయ పరిశోధన కేంద్రానికి ఇచ్చి, ఏ పనికి వాడాలో పత్తి రైతులు ఎన్నుకున్న కమిటీకి వదిలేయాలి. నామినేటెడ్ పదవుల పందేరంగా మారితే మాత్రం ఇది దండగే. రైతులు వచ్చే సీజను గురించే అడుగుతారు, మౌలిక పరిశోధన మూలపడుతుందన్న భయానికీ జవాబుంది: 2023 చట్టంతో వచ్చిన జాతీయ పరిశోధన ఫౌండేషన్ దానికి ఉంది. డిసెంబరుకల్లా చేను ఖాళీ అయితే పురుగుకు తిండి దొరకదు. అలా తొందరగా కోతకొచ్చే సూటి రకాలను చల్కా నేలల్లో పరీక్షించడం ఆ కమిటీకి మొదటి పని కావచ్చు.