అద్దె బకాయి పడితే...

విశాఖ ఉక్కు నుంచి ప్రభుత్వ వాటాలన్నీ ఉపసంహరించాలని కేంద్రం 2021 జనవరిలో నిర్ణయించింది. 2024లో ఉద్యోగులకు జీతాలు వాయిదాల్లో అందాయి. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల తొలగింపు, దానిపై సమ్మె! ఈ దెబ్బ ఉక్కునగరం క్వార్టర్లతో ఆగదు, గాజువాక, కూర్మన్నపాలెం అద్దె ఇళ్లకూ తగులుతుంది.

రిటైరైన సొమ్ముతో రెండు వాటాలు కట్టుకున్నవారికి అద్దే జీవనాధారం. వారిని ఆశపోతులనడం అన్యాయం. అయితే బకాయి అద్దె షరీఅత్ దృష్టిలో అప్పే. అప్పుపడ్డవాడు ఇబ్బందిలో ఉంటే గడువివ్వండి, వదిలేస్తే మరీ మేలు అని బఖరా సూరా 280వ ఆయతు బోధిస్తోంది. గడువును కాగితంపై రాసుకోమని 282వ ఆయతు ఆదేశం. మనవాళ్లు మరిచేది ఈ రెండోదే! నోటిమాటతో మొదలై పోలీస్ స్టేషన్ దాకా పోతారు.

ఆలస్యమైనందుకు అదనంగా తీసుకుంటే అది వడ్డీయే, 'ఫైను' అని పేరు పెట్టినా సరే. కిరాయిదారు కూడా వినాలి: చేతిలో డబ్బుండి జాప్యం చేయడం జుల్మ్ అని హదీసు. ఒప్పందం గడువు తీరాక ఇల్లు ఖాళీ చేయమనే హక్కు యజమానికి ఉంది.

మాఫీ చేసిన అద్దెను జకాత్‌లో లెక్కేసుకోవచ్చా అని మమ్మల్ని తరచూ అడుగుతారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం కుదరదు. అతడు జకాత్‌కు అర్హుడైతే సొమ్ము షరతు లేకుండా చేతికివ్వాలి. దానితో బాకీ తీర్చాలా, బియ్యం కొనాలా అన్నది అతని ఇష్టం.