వాదా తప్పినోళ్ల ఎహ్‌సాన్

మొన్న మా ఖాందాన్ వాట్సప్ గ్రూపులో మా భాంజా ఒక తస్వీర్ పెట్టాడు. ‘చూడు మామూ, ఫ్రెంచోళ్లు మన అమీర్‌కి ఎంత ఇజ్జత్ ఇచ్చారో!’ అని కింద రాశాడు. అందరూ మాషాఅల్లా అన్నారు. నాకు మాత్రం కడుపు రగిలింది.

ఆంజ్ టిస్సియే అనే ఫ్రెంచి ముసవ్విర్ 1861లో వేసిన తస్వీర్ అది. వెర్సాయ్ మహల్‌ది. అందులో లూయీ నెపోలియన్ అల్జీరియా అమీర్ అబ్దుల్ ఖాదిర్‌కి రిహాయీ ఇస్తుంటాడు. అమీర్ అమ్మీజాన్ వంగి అతని చెయ్యి ముద్దు పెట్టుకుంటుంటుంది. ఆ చెయ్యి చూపించడానికే తస్వీరంతా!

అసలు అమీర్ ఖైదులోకి ఎట్లా వచ్చాడు? 15 ఏళ్లు ఫ్రెంచి ఫౌజుని ముప్పుతిప్పలు పెట్టి, 1847 డిసెంబరులో ఒక షరతు మీద తల్వార్ దించాడు. బాల్‌బచ్చాలతో సహా అలెగ్జాండ్రియాకో, అక్కా షెహర్‌కో పంపెయ్యాలి. జనరల్ ఒప్పుకున్నాడు, బాద్‌షా కొడుకు కూడా ఔనన్నాడు. తీరా ఓడెక్కించి ఫ్రాన్సులో తూలోన్ దగ్గర దించి తాళం వేశారు. తర్వాత పో, ఆ తర్వాత ఆంబ్వాజ్ కోట. వెంట వచ్చినవాళ్లలో పాతికమంది, పసిపిల్లలతో సహా, ఆ కోటలోనే ఖబర్ల పాలయ్యారు.

తాళం వేసినప్పుడు లూయీ నెపోలియన్ గద్దె మీద లేడు, నిజమే. 1848 చివర గెలిచాక నాలుగేళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నది మాత్రం అతనే. అప్పు ఎగ్గొట్టిన ఇంటివాళ్లు ఐదేళ్లకి అసలు తెచ్చిస్తే వాళ్ల చెయ్యి ముద్దు పెట్టుకుంటామా?

ఇంకో సంగతి. రిహాయీ 1852లో. తస్వీర్ 1861లో. మధ్యలో 1860లో దమిష్క్ ఫసాద్‌లో అమీర్ వేలమంది ఈసాయీల జాన్ కాపాడాడు. బేషక్ గొప్ప పని, తన దీన్ చెప్పిందే చేశాడు. యూరప్ తమగాలు పంపింది. తన నేల కోసం లడాయి చేసినన్నాళ్లు దుష్మన్, ఇప్పుడు షరీఫ్! ‘మీరు అందరు సాయిబుల్లాంటివాళ్లు కాదండీ’ అనే తారీఫ్ మీలో ఎవరు వినలేదు? అదే తరాజు.

అమీర్ ఖాదిరీ సిల్‌సిలా ఘరానాలో పుట్టాడు. మనమూ గ్యార్వీ చేసేవాళ్లమే, ఇంటికొక ఖాదర్ వలీ ఉన్నవాళ్లమే. బేటా, ఆ తస్వీర్ తీసెయ్యకు. పక్కన ఆంబ్వాజ్ ఖబర్ల ఫొటో కూడా పెట్టు. ఈసారి గ్యార్వీకి ఆ పాతికమంది పేరున కూడా ఫాతెహా ఇద్దాం.