429వ నంబరు దోషమును, తొందరపాటు తీర్పులును

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసినది మొదలు మన దుకాణములలోను, ఆసుపత్రుల బిల్లింగు కౌంటర్లలోను, చిన్న కార్యాలయములలోను పాత కంప్యూటర్లు తొలగి క్రొత్తవి వచ్చుచున్నవి. ఇరువదియేండ్లుగా నోరెత్తక పనిచేసిన బిల్లుల ప్రోగ్రామును ఆ క్రొత్త యంత్రములోనికి కాపీచేసి తెరచినంతనే, ‘రన్‌టైమ్ ఎర్రర్ 429: యాక్టివ్‌ఎక్స్ కాంపొనెంట్ కాంట్ క్రియేట్ ఆబ్జెక్ట్’ అను వాక్యముగల చిన్న పెట్టె యొకటి తెరపై నిలుచును. పిలిపించిన టెక్నీషియను రెండుమారులు రీస్టార్టు చేసి, “ఇది పాతదైపోయిందండీ, కొత్త సాఫ్ట్‌వేర్ వేయించుకోండి” అని తీర్పు చెప్పిపోవును. కారణ మేమో విచారింపకయే చెప్పబడు ఈ తీర్పు పెక్కు సందర్భములయందు అన్యాయమైనదనియు, దానివలన సామాన్యుడైన వర్తకుడు వ్యర్థముగా ధననష్టము పొందుచున్నాడనియు నా నిశ్చితాభిప్రాయము.

ప్రోగ్రామునకు వయస్సు మీరినంతమాత్రమున ఈ దోషము పుట్టదు. 1991లో వెలువడిన విజువల్ బేసిక్ భాష 1998లో ఆరవ వెర్షనుగా స్థిరపడిన కాలమున, ప్రోగ్రామరు బిల్లును ముద్రించు పనిని, డేటాబేసునుండి లెక్కలు తీయు పనిని, ఎక్సెల్ పట్టికలు కూర్చు పనిని తాను స్వయముగా వ్రాసికొనక, ఇతరులు నిర్మించి యుంచిన డీఎల్‌ఎల్, ఓసీఎక్స్ ఫైళ్ళను అవసరమైనప్పుడు పిలిపించుకొనెడివాడు. ప్రోగ్రాము అట్టి భాగమొకదాని పేరుచెప్పి అడుగగా, విండోస్ తన రిజిస్ట్రీలో ఆ పేరునకు ఎదురుగా నున్న 128 బిట్ల సంఖ్యను పట్టుకొని, ఆ సంఖ్య క్రింద వ్రాసియున్న చిరునామానుబట్టి ఫైలును వెదకి మెమరీలోనికి తెచ్చి, దానిచే ఆబ్జెక్టును సృష్టింపజేసి ప్రోగ్రామునకు అప్పగించును. పొలము ఉన్నచోటనే యున్నను అడంగలులో సర్వేనంబరు లేనిచో రైతునకు అప్పు పుట్టనట్లే, ఫైలు డిస్కుపై చెక్కుచెదరక యున్నను రిజిస్ట్రీలో దాని నమోదు లేనిచో ఆబ్జెక్టు పుట్టదు. ప్రోగ్రామును కాపీచేసిన వ్యక్తి ఫైళ్ళను మోసికొని వచ్చెనే గాని నమోదును తేలేదు.

ఇంతకంటె నన్ను బాధించు సంగతి ఆ సందేశముయొక్క మౌనము. ఇదే విజువల్ బేసిక్‌లో 339వ నంబరు దోషము ఫలానా ఓసీఎక్స్ ఫైలు సరిగా రిజిస్టరు కాలేదని ఆ ఫైలు పేరెత్తి చెప్పును. 429 మాత్రము ఏ భాగము లోపించినదో చెప్పదు. నమోదు లేకున్నను అదే సంఖ్య, తానాధారపడిన వేరొక ఫైలు లేక డీఎల్‌ఎల్ లోడు కాకున్నను పెక్కుమారులు అదే సంఖ్య, క్రొత్త కంప్యూటరులో ఎక్సెల్ వేయింపకపోయినను అదే సంఖ్య! దోషమును కనిపెట్టిన క్షణమున పేరు ప్రోగ్రాము చేతిలోనే యుండియు తెరపై వ్రాయకపోవుట, ఆ తెరయెదుట కూర్చుండు మనుష్యుని గూర్చి ఆలోచింపకపోవుటయే. ప్రోగ్రామరులు తమ దోషనివారణ భాగమున ఒక్క పంక్తి చేర్చి, తాము పిలిచిన భాగముయొక్క పేరును సందేశమునకు జోడించియుండినచో, నేడెన్నియో దుకాణములలో పని నిలిచిపోకుండెడిది.

పల్నాటి ప్రాంతమున ఒక ఎరువుల దుకాణములో ఈ వ్యవహారమును దగ్గరనుండి చూచితిని. ప్రోగ్రాము చక్కగా తెరచుకొనెను; సరకు నిల్వలు కనబడెను; రైతు పేరును, యూరియా బస్తాల లెక్కయును ఎక్కినవి; ప్రింటు బటను నొక్కినంతనే 429 ప్రత్యక్షమైనది. ముద్రణ చేయు భాగమును ప్రోగ్రాము ఆ క్షణముననే మొదటిసారి పిలిచినది గావున, అంతవరకు దాని లోపము బయటపడుట కవకాశమే లేదు. అంతకుముందు వచ్చిన యువకుడు డీఎల్‌ఎల్ ఫైళ్ళన్నిటిని సిస్టమ్32 ఫోల్డరులో వేసి, నమోదు చేయు రెగ్‌ఎస్‌వీఆర్32 ఆదేశమిచ్చి, మాడ్యూలు లోడు కాలేదను జవాబు చూచి, ఫైళ్ళే చెడిపోయినవని నిశ్చయించి వెడలిపోయెను. ఫైళ్ళు చెడలేదు. 64 బిట్ల విండోస్‌లో సిస్టమ్32 అనునది 64 బిట్ల ఫైళ్ళ నివాసము. 32 బిట్ల ఫైళ్ళు సిస్‌వావ్64 అను ఫోల్డరులో నుండవలెను. 32 బిట్ల ప్రోగ్రాము సిస్టమ్32ను అడిగినను విండోస్ దానిని నిశ్శబ్దముగా సిస్‌వావ్64 వైపునకు మరలించును. అక్కడ ఆ ఫైలు లేదు.

ఇట్టి చిక్కును విప్పుటకు మార్క్ రుస్సినోవిచ్ ప్రభృతులు నిర్మించిన ప్రాసెస్ మానిటర్ అను ఉచిత సాధనము కలదు. దానిని నడిపి, బిల్లుల ప్రోగ్రాము పేరుతో వడకట్టి, మరల ప్రింటు నొక్కగా, తెరపై వేలకొలది పంక్తులు పరుగులెత్తినను, దోషము పుట్టిన క్షణమునకు ముందున్న కొద్ది పంక్తులలోనే ప్రోగ్రాము రిజిస్ట్రీని అడిగిన భాగముయొక్క పేరును, దాని ప్రక్కన ‘నేమ్ నాట్ ఫౌండ్’ అను జవాబును స్పష్టముగా కనబడినవి. ఆ పేరు ఏ ఫైలునకు చెందినదో మూలనున్న పాత కంప్యూటరు రిజిస్ట్రీలో చూచి, ఆ ఫైలును సిస్‌వావ్64లో నుంచి, కమాండ్ ప్రాంప్టును అడ్మినిస్ట్రేటరుగా తెరచి, ఆ ఫోల్డరులోని రెగ్‌ఎస్‌వీఆర్32తోనే నమోదు చేయగా బిల్లు అచ్చయినది. యజమాని క్రొత్త సాఫ్ట్‌వేరు కొరకు అడ్వాన్సు ఇచ్చుటకు సిద్ధపడియుండెను.

అన్ని సందర్భములును ఇంత సులభములని నేననను. భాగమును మరల కంపైలు చేయునప్పుడు ‘బైనరీ కంపాటిబిలిటీ’ అను ఎంపికను మరచినచో, పేరు అదే యున్నను లోపలి సంఖ్య మారిపోయి, పాత సంఖ్యను నమ్ముకొన్న ప్రోగ్రాము దారి తప్పును. 2019 నుండి మైక్రోసాఫ్ట్ ఆఫీసు సహజముగా 64 బిట్లదిగానే ఇన్‌స్టాలగుచున్నందున, ఎక్సెల్ మాక్రోలు పిలుచు 32 బిట్ల డీఎల్‌ఎల్‌లు దానిలోనికి ప్రవేశింపజాలవు. ఎంఎస్‌కామ్‌సీటీఎల్ అను ప్రసిద్ధమైన ఓసీఎక్స్‌లోని భద్రతాలోపమును దుండగులు వాడుకొనుచుండగా, మైక్రోసాఫ్ట్ 2012 ఏప్రిలులోను ఆగస్టులోను దానిని సవరింపగా, ఆ సవరణల పిదప కొన్ని పాత ప్రోగ్రాములు మొరాయించినవి. అప్పుడు పలువురు పాత ఫైలునే తెచ్చి మరల పెట్టుకొని దొంగలకు తలుపు తెరచిరి. చేయవలసినది క్రొత్త ఫైలును మరల రిజిస్టరు చేయుటయే. అట్లే, పేరు తెలిసినదే తడవుగా ఊరుపేరులేని సైట్లనుండి డీఎల్‌ఎల్ దించుకొనుటయు, యాంటీవైరసును ఆపివేయుటయు, ప్రోగ్రామును నిత్యము అడ్మినిస్ట్రేటరు అధికారముతో నడుపుటయు 429 కంటె పెద్ద ప్రమాదములు.

పాతవాటిని పట్టుకొని వ్రేలాడనేల, క్రొత్తవి వ్రాయించుకొనరాదా యని యడుగువారు కలరు. విజువల్ బేసిక్ 6 అభివృద్ధి సాధనమునకు మద్దతు 2008 ఏప్రిలులోనే ముగిసినది గనుక మార్పు ఎప్పటికైనను తప్పదు. కాని దాని రన్‌టైమును విండోస్ 11లోను మైక్రోసాఫ్ట్ నిలిపియుంచినది గావున, ఆ మార్పును నెమ్మదిగా, లెక్కలన్నియు సరిచూచుకొని చేసికొనుటకు వ్యవధి కలదు. ఒక దోషసందేశమునకు జడిసి సీజను నడుమ చేయు మార్పునకును దీనికిని చాల అంతరము కలదు. సాఫ్ట్‌వేరు అమ్మినవారు ప్రోగ్రాముతోపాటు అది ఏయే భాగములపై ఆధారపడినదో, వాని వెర్షనులేవో, అవి 32 బిట్లవో 64 బిట్లవో తెలుపు పట్టికను, ఇన్‌స్టాలరును కొనుగోలుదారునికి తప్పక ఇచ్చితీరవలెను. ప్రభుత్వ కార్యాలయములు ఈ షరతును టెండరులోనే వ్రాయవలెను. చేసినవారు ఊరు విడిచిపోయినను, కంపెనీ మూతపడినను, ఆ పట్టిక యొక్కటియున్న మరియొకరు పని కొనసాగింపగలరు.

ఇక త్వరపడవలసిన సంగతి మరియొకటి. విండోస్‌లోని వీబీస్క్రిప్టు భాషను క్రమముగా తొలగించెదమని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో ప్రకటించినది. విండోస్ 11, 24హెచ్2 నుండి అది కోరినప్పుడు ఉంచుకొనదగిన ఐచ్ఛిక భాగమైనది. దానిలోని రెజ్‌ఎక్స్‌పీ భాగమును పిలుచు ప్రోగ్రాములు, అది పూర్తిగా తొలగిననాడు ఇదే 429ని చూపును. కావున పాత కంప్యూటరును తుక్కువానికి వేయకముందే దానిని ఒక్కమారు వెలిగించి, ప్రోగ్రాము ఫోల్డరును, అది వాడు డీఎల్‌ఎల్, ఓసీఎక్స్ ఫైళ్ళను, రిజిస్ట్రీలో వాని నమోదులను ఎగుమతిచేసి భద్రపరచుకొనుడు. డిస్కు చెరిపివేసిన పిమ్మట ఆ సమాచారము తిరిగి దొరకదు.